ఫోటో మూలన పేరు

పరుపుల కొట్టు మీద కొత్తగా పెద్ద బోర్డు కట్టారు. దాని మీద ఒక పసిపాప బోర్లా పడుకుని, నోరు కాస్త తెరిచి, లోకంతో పని లేనట్టు నిద్రపోతోంది. బాబాయి స్కూటరు ఆపి కాలు నేలకు ఆనించి దాన్ని అలా చూస్తూ ఉండిపోయాడు. వెనక నుంచి హారన్లు మోగితే పక్కకి జరిగి మళ్లీ చూశాడు. ఆ పాప ఎవరో ఆయనకు తెలుసు. ఆ దుప్పటి తెలుసు. కిటికీలోంచి ఆ చెంప మీద పడ్డ వెలుతురు కోసం తను ఎంతసేపు మోకాళ్ల మీద కూర్చున్నాడో కూడా తెలుసు.

లోపలికి వెళ్లి అడిగితే కొట్టాయన నవ్వాడు. "నెట్లో దొరికిందండీ. ఎవరి పేరూ లేదు మరి," అన్నాడు, పేరు లేకపోవడం ఫోటో చేసిన తప్పయినట్టు.

బాబాయి స్టూడియోకి తిరిగి రాగానే పండుకి ఫోన్ చేశాడు. పండు ఆయన అన్నగారి కూతురు. అసలు పేరు ఆఫీసు వాళ్లకే తెలుసు. ప్రోగ్రాములు రాసే ఉద్యోగంలో కుదురుకుని, కింద నలుగురు పనిచేసే స్థాయికి వచ్చినా ఇంట్లో ఆమె పండే.

"పండూ, నా ఫోటోలన్నిటి మీదా నా పేరు పడాలి. ఒక్కటి కూడా మిగలకూడదు. అవుతుందా?"

"అవుతుంది బాబాయ్. చేత్తో రాసుకుంటూ కూర్చుంటే మనకి జన్మలు చాలవు గానీ, చిన్న ప్రోగ్రాం రాస్తే అదే చూసుకుంటుంది."

"ఎంత పెద్ద పేరు రాయాలి?"

"కింద మూలన, లేతగా. ఫోటో కనపడాలి, పేరూ కనపడాలి. అలా."

పేరంటే ఆయన అసలు పేరు కాదు. కుర్రతనంలో ఆ వీధికి మొదటి ఫ్లాష్ లైటు తెచ్చింది ఆయనే కాబట్టి అప్పటి నుంచీ అందరూ ఆయన్ని ఫ్లాష్‌బాబు అంటారు. జుట్టు నెరిసినా బాబు బాబుగానే ఉండిపోయాడు. స్టూడియో అంటే గాజుతలుపు ఉన్న ముందుగది, అందులో కౌంటరు, దాని వెనక రంగు తెరలు వేలాడే పెద్ద గది, మేడమీద ప్రింటింగు గది. కౌంటరు దగ్గర పిన్ని ఉంటుంది. ప్రింట్లు తీసేదీ, ఫ్రేములు కట్టేదీ, ఏడ్చే పిల్లల్ని నవ్వించేదీ ఆవిడే. పెద్ద ఫంక్షన్లకు ఇద్దరూ చెరో కెమెరా పట్టుకుని వెళ్లేవారు. వచ్చాక రెండు కెమెరాల్లోని ఫోటోలూ ఒకే ఫోల్డర్లో పోసేవారు. అది ఎవరిది, ఇది ఎవరిది అని అడిగినవాళ్లు లేరు. వాళ్లిద్దరూ కూడా ఒకరినొకరు అడగలేదు.

ఆదివారం పొద్దున్నే పండు లాప్‌టాప్ తెచ్చుకుని కౌంటరు మీద పెట్టుకుంది. ఫోల్డర్లో ఉన్న ఒక్కో ఫోటోనీ తెరవడం, దాని పొడవూ వెడల్పూ కొలవడం, కుడివైపు కింద మూలన పేరు రాయడం, రాసిందాన్ని వేరే చోట దాచడం. ప్రోగ్రాం చేయాల్సిన పని అంతే. అరగంటలో అయిపోతుందనుకుంది.

మొదటి ఫోటో తెరిచి చూస్తే మూలన "ఫ్ లా ష్ బా బు" అని ఉంది. ఫ కింద ఒత్తుగా ఉండాల్సిన ల పక్కకి వచ్చి కూర్చుంది. ఒత్తులు ఎక్కడివక్కడ విడిపోయాయి.

పిన్ని కళ్లజోడు సవరించుకుని వంగి చూసింది. "ఇదేంటే, మీ బాబాయి పేరుకి పళ్లూడిపోయాయి!"

"ఇంగ్లీషు అక్షరాలైతే ఒకదాని పక్కన ఒకటి పేర్చుకుంటూ పోతుంది పిన్నీ. మనవి కిందా మీదా అతుక్కోవాలి కదా. అతకడం దానికి రాదు. నేర్పాలి."

"నేర్పు నేర్పు. ఊళ్లో వాళ్లంతా చూస్తారు," అన్నాడు బాబాయి కంగారుగా.

నేర్పింది. అక్షరాలు అతుక్కున్నాయి. ఈసారి చిన్న ఫోటోల మీద పేరు గోడమీద సినిమా పోస్టరంత పడింది, పెద్ద ఫోటోల మీద చీమంత పడింది. వెడల్పుని బట్టి అక్షరం సైజు మారేలా సరిచేసింది. ఆ తర్వాత నిలువు ఫోటోలన్నిటిలోనూ పేరు గోడెక్కే బల్లిలా నిట్టనిలువుగా పాకింది. కెమెరాని నిలువుగా పట్టుకుని తీస్తే, ఫోటో పడుకునే ఉంటుందట, చూపించేటప్పుడు దాన్ని లేపి నిలబెట్టమని లోపల ఒక సూచన మాత్రం ఉంటుందట. ఆ సూచనని ప్రోగ్రాం పట్టించుకోలేదు. పండు తల పట్టుకుంది. పిన్ని టీ తెచ్చింది. మధ్యాహ్నం దాటాక అన్నీ కుదిరాయి. ఫోటోలు ఒకదాని తర్వాత ఒకటి తెర మీద మెరిసి మాయమవుతుంటే, ప్రతిదాని మూలనా తన పేరు పడటం చూస్తూ బాబాయి చిన్నపిల్లాడిలా స్టూలు మీద కాళ్లూపుతూ కూర్చున్నాడు.

వారం గడిచాక పండు వాటన్నిటినీ నెట్లో స్టూడియో పేజీకి ఎక్కిద్దామని వచ్చింది. పేరు ఉన్న ఫోటోలే కనిపించాయి. పేరు లేనివి కనిపించలేదు.

"బాబాయ్, అసలు ఫోటోలు ఏవి?"

"అవా? ప్రతిదీ రెండేసి ఉన్నాయని చూసి, పేరు లేనివన్నీ తీసేశా. డిస్కు ఎంత ఖాళీ అయిందో చూశావా?" అన్నాడు, ఇల్లు ఊడ్చినవాడి తృప్తితో.

 పండు, పోనీలే, పేరుతోనైనా ఉన్నాయి కదా అని సర్దిచెప్పుకుని, ఉన్నవాటినే ఎక్కించేసింది.

నెల తిరగకుండానే స్టూడియోకి ఒక ఫోన్ వచ్చింది. వీధుల ఫోటోలతో ఒక పుస్తకం తెస్తున్నానని, దాని సంపాదకురాలినని ఆవిడ చెప్పింది. మీ పేజీలో ఒక ఫోటో చూశాను, దాన్నే అట్ట మీద వేసుకోవాలనుంది అంది. ఫోన్ స్పీకర్లో ఉంది. కౌంటరు దగ్గర ఫ్రేముకి మేకులు కొడుతున్న పిన్ని సుత్తి ఆపి విన్నది.

"ఏ ఫోటో అండీ?"

"నిలువుటద్దం సార్! ఇద్దరు మనుషులు పెద్ద అద్దాన్ని మోసుకుంటూ రోడ్డు దాటుతుంటారు. అద్దంలో ఆకాశం. ముందున్నాయనకి కాళ్లే కనిపిస్తాయి. ఆకాశానికి కాళ్లొచ్చి నడుస్తున్నట్టుంది. ఎన్నిసార్లు చూశానో! ఆ రోజు దాన్ని ఎలా తీశారో నాలుగు మాటలు చెప్తారా? ఫోటో పక్కన వేస్తాం."

బాబాయి కంప్యూటర్లో ఆ ఫోటో వెతికి తెరిచాడు. కింద మూలన తన పేరు లేతగా మెరుస్తోంది.

"అదా అండీ... అప్పుడే వాన వెలిసింది. రోడ్డంతా తడిగా ఉంది," అని మొదలుపెట్టాడు. తడి ఫోటోలో కనిపిస్తూనే ఉంది. "నేను స్టూడియో బయట నిలబడి ఉన్నాను. నిలబడి..." తర్వాత ఏం చెప్పాలో తెలియలేదు. ఫోటో వంక చూశాడు. అందులోంచి ఆయనకి ఏదీ గుర్తు రాలేదు. "ఒక్క నిమిషం. నేనే మళ్లీ చేస్తానండీ," అని పెట్టేశాడు.

పిన్ని పక్కకొచ్చి నిలబడింది.

"ఇది నేనెప్పుడు తీశాను?" అన్నాడు బాబాయి.

"తీసే ఉంటారు. పేరుంది కదా."

"పేరు పండు పెట్టిందోయ్!"

"పండు ఊరికే పెడుతుందా?"

 ఆ మాట అన్నాక పిన్నికే అందులో ఏదో తేడా ఉందనిపించింది కానీ, అదేంటో పట్టుబడలేదు.

"పోనీ నువ్వు తీశావా?"

"నేనా? పనీపాటా లేక రోడ్డు మీద పోయే అద్దాలు తీస్తానా?"

పండుని పిలిచారు. ఆమె ఆఫీసులో భోజనాల టైంలో బయటపడి పరిగెత్తుకొచ్చింది. ప్రతి ఫోటో ఫైలు లోపలా ఎప్పుడు తీశారు, ఏ కెమెరాతో తీశారు అనే వివరాలు దాక్కుని ఉంటాయని చెప్పి, ఆ ఫైలుని తెరిచి చూసింది. అవన్నీ ఖాళీగా ఉన్నాయి. ఇంకో ఫోటో చూసింది. ఖాళీ. పేరు రాసి తిరిగి దాచేటప్పుడు ఆ వివరాల్ని కూడా దాచమని ప్రోగ్రాంకి విడిగా చెప్పాలి. చెప్పలేదు. అన్నీ రాలిపోయాయి.

"అంటే?" అన్నాడు బాబాయి.

"అంటే ఎవరు తీశారో దీన్ని చూసి చెప్పలేం."

"నేనే తీశానని రాసుంది. తీశానో లేదో నాకే తెలియదు. పెట్టిన నువ్వేమో తెలియదంటున్నావు. అసలు ఇక్కడ ఎవరికైనా ఏమైనా తెలుసా?"

వీధి చివర అద్దాల కొట్టు ఉంది. ఆ అద్దం అక్కడిదే అయ్యుండాలని పండుకి తట్టింది. ఫోటోని ప్రింటు తీసుకుని ముగ్గురూ నడిచి వెళ్లారు. స్టూడియోకి ఎవరైనా వస్తారేమోనని పిన్ని దారి పొడవునా వెనక్కి తిరిగి చూస్తూనే ఉంది. కొట్టులో ఎటు చూసినా వీళ్లే కనిపించారు. ఒక అద్దంలో ముగ్గురు, ఇంకోదాంట్లో సగం పిన్ని, మరోదాంట్లో బాబాయి వీపు.

ప్రింటు చూడగానే అద్దాలాయన ముఖం విప్పారింది. "ఈ వెనక పట్టుకున్నది నేనే సార్! ముందు కాళ్లు మా బావమరిదివి. ఆ చెప్పులు చూడండి, నావే వేసుకుపోయాడు!"

"ఆ రోజు ఈ ఫోటో తీసింది ఎవరో గుర్తుందా?" అంది పండు.

"ఎందుకు లేదు? ఫ్లాష్‌బాబు గారే."

బాబాయికి ప్రాణం లేచొచ్చింది. "నన్ను చూశావా నువ్వు?"

"చూడకపోవడమేంటి సార్? మీరు అటువైపు నిలబడ్డారు. నేను నవ్వాను కూడా."

"ఏం వేసుకున్నాను?"

అద్దాలాయన కాస్త తడబడ్డాడు. ప్రింటు మళ్లీ చూశాడు. మూలన ఉన్న పేరు మీద వేలు పెట్టాడు. "ఇదిగో, పేరుంది కదా సార్. మీరు తీయకపోతే పేరెలా పడుతుంది?"

బయటికి వచ్చారు. "ఆయనకీ గుర్తులేదు. పేరు చూసి గుర్తు తెచ్చుకున్నాడు," అంది పండు. "నేనూ అంతేగా చేస్తున్నా పొద్దున్నించీ," అన్నాడు బాబాయి.

స్టూడియోకి తిరిగొచ్చి పండు ఆ ఫోటోని తెర మీద బాగా పెద్దది చేసింది. పేరు అక్షరాలు పొగమంచులా తెర నిండా పరుచుకున్నాయి. బా కీ బు కీ మధ్య సందులో నల్లగా ఏదో ఉంది. ఇంకా పెద్దది చేసింది. మనిషి భుజంలా ఉంది. అప్పుడు ఆమెకి తట్టింది. పేరు పడింది సరిగ్గా అద్దం కింది మూల మీద. అద్దంలో పైన ఆకాశం ఉంటే, కింద ఎదురుగా నిలబడినవాళ్లు ఉంటారు. అంటే ఫోటో తీసినవాళ్లు. తీసింది ఎవరో అద్దం చెప్తూనే ఉంది. తన ప్రోగ్రాం వెళ్లి సరిగ్గా అక్కడే బాబాయి పేరు రాసి దాన్ని కప్పేసింది.

"పేరు తీసేసి చూడు మరి," అన్నాడు బాబాయి.

"తీయడానికి కింద ఏం లేదు బాబాయ్. పేరు ఫోటోలో కలిసిపోయింది. పాలల్లో నీళ్లు కలిపాక మళ్లీ విడదీయమన్నట్టు. పేరు లేని ఫోటో ఉంటే తప్ప తెలీదు. అది నువ్వు..."

బాబాయి తల దించుకున్నాడు.

"ఉండొచ్చు," అంది పిన్ని.

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు.

"మేడమీద అటక మీద బిస్కెట్ల డబ్బాల్లో. అప్పుడప్పుడూ అన్నీ డిస్కుల్లోకి ఎక్కించి పెట్టేదాన్ని. కంప్యూటర్ పాడైతే ఏంటి గతి అని."

"నాకెప్పుడూ చెప్పలేదే!"

"మీరెప్పుడూ అడగలేదు."

డబ్బాలు దింపారు. గుండ్రటి మెరిసే డిస్కులు, మధ్యన పాత దినపత్రికల ముక్కలు. వాటిని చదివే సదుపాయం పండు లాప్‌టాప్‌కి లేదు. మేడమీద మూలన పడేసిన పాత కంప్యూటర్ దుమ్ము దులిపి పెడితే, అది చాలాసేపు మూలిగి, చివరికి లేచి కూర్చుంది. పండు ఆఫీసుకి ఫోన్ చేసి మధ్యాహ్నం రాలేనని చెప్పింది. డిస్కు తర్వాత డిస్కు. కొన్ని చదివింది, కొన్ని గీతలు పడి మొరాయించాయి. సాయంత్రం వీధి దీపాలు వెలిగేవేళకి అద్దం ఫోటో దొరికింది. పేరు లేకుండా. ఆ మూల శుభ్రంగా, తడిగా, మొదట ఎలా ఉందో అలా ఉంది.

అద్దంలో ఒక మనిషి ఉన్నారు. తలకి టోపీ ఉన్న వానకోటు. ముఖానికి అడ్డంగా కెమెరా.

"నా కోటు!" అన్నాడు బాబాయి.

"నాదీ అదే కదా. ఒకే కొట్టులో, ఒకే రంగువి కొన్నాం. మీది పొడుగు, నాది మడత పెట్టి కుట్టించుకున్నా."

కోటు అంచు అద్దంలోకి రాలేదు. పొడవు తెలియడానికి లేదు.

పండు ఫైలు వివరాలు తెరిచింది. ఈసారి కెమెరా నంబరు కనిపించింది. రెండు పాత కెమెరాలూ, ఎర్ర టేపు చుట్టినదీ నీలం టేపు చుట్టినదీ, బీరువాలోనే ఉన్నాయి. అడుగున నంబర్లు చూస్తే ఎర్ర టేపు చుట్టిన దానితో కలిసింది.

"ఎర్రది నాదే," అన్నాడు బాబాయి. "ఎప్పుడూ నాదే."

"ఎప్పుడూ ఏంటి? మధ్యలో మీరు దాని బ్యాటరీ తలుపు విరగ్గొట్టి నాకు అంటగట్టి, నా నీలంది తీసుకోలేదూ?"

"విరిగింది నీలం దాని తలుపు."

"నీలం దాని తలుపు ఎలా విరుగుతుంది? దాన్ని నేను కదా వాడేది!"

"ఇప్పుడేగా నేను తీసుకున్నానన్నావ్!"

పండు రెండు కెమెరాలూ తిప్పి చూసింది. రెండింటి బ్యాటరీ తలుపులకీ జిగురు మరకలున్నాయి. ఎవరి మాట నమ్మాలో, నమ్మితే ఏది ఏ ఏడాది జరిగిందో ఆమెకి బోధపడలేదు. వివరాలు దొరికితే చిక్కు విడిపోతుందనుకుంది. దొరికిన కొద్దీ ఇంకా బిగుసుకుంటోంది.

తెర మీది బొమ్మనే మళ్లీ చూసింది. టోపీ నీడలో ముఖం సగమే కనిపిస్తోంది. కెమెరా ఒక కన్నుకి ఆనించి ఉంది, రెండో కన్ను పక్కన ఖాళీగా ఉంది.

"పిన్నీ, నువ్వు కెమెరాలోకి ఏ కంటితో చూస్తావు?"

"ఎడమ. కుడి కన్ను చిన్నప్పటి నుంచీ మసకే కదే నాకు."

"బాబాయ్, నువ్వు?"

"అందరిలానే. కుడి."

"ఇక్కడ కెమెరా ఉన్నది..." పండు వేలు తెర మీద పెట్టి ఆగిపోయింది. కెమెరా తెరకి ఎడమవైపు ఉన్న కంటి మీద ఉంది. ఎదురుగా నిలబడ్డ మనిషికి ఎడమ అంటే మనకి కుడి. కానీ ఇది ఎదురుగా ఉన్న మనిషి కాదు, అద్దంలో మనిషి. అద్దంలో తారుమారవుతుంది. తారుమారైందాన్ని ఫోటో తీస్తే మళ్లీ తారుమారవుతుందా? "ఆగండాగండి. అద్దంలో ఎడమ అంటే కుడి కదా?"

"అద్దంలో ఎడమ ఎడమే ఉంటుంది," అంది పిన్ని. "బొట్టు పెట్టుకునేటప్పుడు చూడనా నేను?"

"అలా ఎలా ఉంటుందోయ్? అంబులెన్సు మీద తిరగేసి రాస్తారెందుకు మరి?" అన్నాడు బాబాయి.

వాదన తేలలేదు. చివరికి కింద పెద్ద గదిలోకి, కస్టమర్లు జుట్టు దువ్వుకునే అద్దం ముందుకి దిగారు. బాబాయి ఎర్ర టేపు కెమెరా పట్టుకుని కుడి కంటికి ఆనించి నిలబడ్డాడు. పండు ఆయన వెనక నుంచి అద్దంలోకి చూసింది. కెమెరా అద్దంలో కుడివైపున ఉంది. పిన్ని కెమెరా తీసుకుని ఎడమ కంటికి ఆనించింది. చీర కొంగు సర్దుకోకుండా, ఎవరో నవ్వబోతున్నట్టు మెడ కొంచెం ముందుకి వంచి నిలబడింది. అద్దంలో కెమెరా ఎడమవైపున ఉంది. ఫోటోలో ఉన్నట్టే. మెడ కూడా అలాగే వంగి ఉంది.

  బాబాయి అద్దంలోంచే భార్యని చూస్తున్నాడు.

పిన్ని కెమెరా దించింది. "నాకేం గుర్తు లేదే," అంది. సంతోషమో భయమో తెలియని గొంతు. "వాన గుర్తు లేదు. వీళ్లు గుర్తు లేరు. నేను తీసినట్టు నాకే తెలియకపోతే, అది నాదెలా అవుతుంది?"

"తీసింది నువ్వే కదా."

"ఏమో. ఆ రోజు ఏదో ప్రింటు ఇవ్వడానికి పోతూ ఉండుంటా. చేతిలో కెమెరా ఉంది, నొక్కి ఉంటా. ఇంటికొచ్చాక గిన్నెలు కడుక్కుని ఉంటా. అంతే ఉంటుంది."

బాబాయి ముందు గదిలోకి వెళ్లి, సర్దాల్సిన అవసరం లేని ఫ్రేముల్ని ఇటువి అటూ అటువి ఇటూ సర్దాడు. ఆయనకి కోపం వచ్చిందా అని పండు అనుమానపడింది. కోపం కాదు. పరుపుల కొట్టు బోర్డు చూసినప్పుడు తనకి ఎలా అనిపించిందో ఆయనకి తెలుసు. ఇప్పుడూ అలాగే ఉంది, కాకపోతే ఈసారి పరుపుల కొట్టాయన ఎవరో అర్థం కావడం లేదు. పరుపుల కొట్టాయన కనీసం పేరు లేదని వాడుకున్నాడు. తను ఏకంగా పేరు రాయించుకున్నాడు. కానీ తెలిసి రాయించుకున్నాడా? తెలియకే కదా?

ఆయన తిరిగొచ్చి, "ఇంకెన్ని ఉన్నాయంటావు ఇలాంటివి?" అని అడిగాడు. ఎవరిని అడిగాడో తెలియలేదు. 

మర్నాడు సంపాదకురాలికి ఆయనే ఫోన్ చేశాడు. "ఆ ఫోటో తీసింది నేను కాదండీ. మా ఆవిడ," అన్నాడు. అటువైపు ఆవిడ, "మరి మీ పేరు..." అంది. "అదొక పొరపాటండీ. ఎలా జరిగిందో చెప్పాలంటే నాకే సరిగ్గా రాదు," అని ఫోన్ పిన్నికి అందించాడు.

పిన్ని రెండు చేతులతో పట్టుకుంది. పేరేం వేయమంటారని ఆవిడ అడిగితే ముందు వద్దంది. వేయకుండా కుదరదంటే కాసేపు ఆలోచించి, "పిట్ట అని వేయండి. మా అమ్మ అలా పిలిచేది," అంది. బాబాయి ఉలిక్కిపడ్డాడు. పెళ్లయిన కొత్తలో ఆ పేరు విన్నాడు, తర్వాత మరిచే పోయాడు.

"ఎలా తీశారో చెప్తారా అమ్మా?"

"గుర్తు లేదమ్మా."

"ఏదైనా కొంచెం..."

"గుర్తు లేదనే రాయండి. అదే నిజం."

తర్వాత రోజుల్లో మధ్యాహ్నం కస్టమర్లు పల్చబడే వేళ, ఇద్దరూ పాత కంప్యూటర్ ముందు చెరో కుర్చీ వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టారు. డిస్కుల్లో దొరికినవాటికి పేర్లు మళ్లీ మొదటినుంచి వేయాలి. పండు ప్రోగ్రాంని మార్చింది. ఫ్లాష్‌బాబుకి ఒక ఫోల్డర్, పిట్టకి ఒకటి, ఎటూ తేలనివాటికి "తెలియదు" అని ఒకటి. ఎందులో వేస్తే ఆ పేరు పడుతుంది. ఈసారి వివరాలు రాలిపోకుండా, అసలువి ఎవరూ చెరపలేకుండా జాగ్రత్త పడింది.

మొదట్లో బాబాయి మంచి ఫోటో కనిపిస్తే చాలు, "ఇది నీదే, నీదే," అని పిన్ని వైపు తోసేసేవాడు. మూడు రోజులు చూసి పిన్ని మౌస్ లాక్కుంది. "జాలిపడి ఇవ్వకండి. మీవి మీరు పెట్టుకోండి. నావి మాత్రమే నాకివ్వండి."

"ఏవి నీవో తెలిస్తే కదా ఇచ్చేది?"

అదే చిక్కు. కొన్ని చూడగానే తెలిసేవి. బాబాయి ఎప్పుడూ మనుషుల్ని నిలబెట్టి తీశాడు, పిన్ని వాళ్లు కదిలాక తీసింది. కానీ అది కూడా నమ్మకంగా పట్టుకోవడానికి లేదు. ఒకరి దగ్గర ఒకరు నేర్చుకున్నారు. కొన్నాళ్లు ఆయన ఆమెలా తీశాడు, కొన్నాళ్లు ఆమె ఆయనలా తీసింది. ఇద్దరూ ఒకే గదిలో, ఒకే వెలుతురులో, పక్కపక్కనే నిలబడ్డారు. అన్ని ఫోల్డర్లలోకీ "తెలియదు" పెద్దదవుతూ పోయింది.

"దీని మీద ఏం పేరు వేయాలి మరి?" అని ఒకరోజు పండు అడిగింది.

"ఇద్దరి పేర్లూ వేసేయ్," అన్నాడు బాబాయి.

"ఇద్దరం కలిసి ఒకే మీట నొక్కామా?" అంది పిన్ని. "అది కూడా అబద్ధమే."

"అయితే వేయొద్దు."

"వేయకపోతే ఎవడో పరుపుల మీద వేసుకుంటాడు."

పండు ఇద్దరి ముఖాలూ చూసింది. ఆఫీసులో ఇంతకంటే చిక్కు పనులు చేసింది కానీ, ప్రోగ్రాంకి ఏం చెప్పాలో తెలియక చేతులు కీబోర్డు మీద ఆగిపోవడం ఇదే మొదలు.

ఆ ఆదివారం ముగ్గురూ కూర్చుని చూస్తుండగా ఒక ఫోటో వచ్చింది. బడి గౌనులో ఒక పిల్ల, ఒక జడ ఊడిపోయి, కళ్లు మూసుకుని, ముందుపన్ను లేని నోరంతా తెరిచి పడిపడి నవ్వుతోంది. వెనక స్టూడియో నీలం తెర. ఆ పిల్ల పండు.

"ఇది నాది," అన్నాడు బాబాయి వెంటనే.

"కాదు. ఇది నాది," అంది పిన్ని.

ఇన్నాళ్లుగా ఒకరికొకరు తోసుకుంటున్నవాళ్లు మొదటిసారి ఇద్దరూ ఒకే దాని మీద చెయ్యి వేశారు.

"నేను తుమ్మినట్టు నటిస్తే నవ్వింది. నాకు బాగా గుర్తు."

"మీరు తుమ్మింది వేరే రోజు. ఆ రోజు నేను తెర వెనక నుంచి తొంగి చూశాను. నా తల కనపడగానే పగలబడి నవ్వింది."

"తెర వెనక ఉంటే ఫోటో ఎలా తీశావ్?"

"తీసి వెళ్లానేమో, వెళ్లి తీశానేమో!"

ఇద్దరూ ఒకేసారి పండు వైపు తిరిగారు. "నువ్వే చెప్పు. నీ ఎదురుగా ఎవరున్నారు?"

పండు ఆ పిల్లని చూసింది. ఆ నవ్వు గుర్తుంది. కడుపు నొప్పి పుట్టేలా నవ్వడం, స్టూలు మీంచి జారడం, అరికాళ్లకి చల్లటి నేల తగలడం. ఎదురుగా ఎవరో ఉన్నారు, ఉండాలి. కళ్లు మూసుకుని ఉంది. ఎంత వెతికినా ఆ చోట ఒకసారి బాబాయి, ఒకసారి పిన్ని, ఒక్కోసారి కెమెరా మాత్రమే కనిపించాయి. అది గుర్తుకు రావడమో, ఇప్పుడు విన్నదాన్ని బట్టి తనే అల్లుకోవడమో కూడా తెలియలేదు.

"చెప్పవే," అంది పిన్ని.

"నిజం చెప్పమ్మా, మొహమాటపడకు," అన్నాడు బాబాయి.

"తెలియదు," అంది పండు. "నిజంగా తెలియదు."

ఆ మాట వాళ్లిద్దరికీ నచ్చలేదు. ఆ ఫోటోని "తెలియదు" ఫోల్డర్లో వేయడానికి ఇద్దరూ ఒప్పుకోలేదు. పండు దాన్ని ఎక్కడా వేయకుండా పక్కన పెట్టి తర్వాతది తెరిచింది. అందులో ఎవరో పెద్దాయన గొడుగు పట్టుకుని బస్సు కోసం చూస్తున్నాడు.

"ఇదెవరిదో చెప్పండి," అంది.

వాళ్లు వినలేదు. తుమ్మింది ఏ రోజో, ఆ తుమ్మిన రోజు తెర నీలందో పచ్చదో ఇంకా తేల్చుకుంటున్నారు.